అమెరికా వద్దన్న బండి బహ్రెయిన్ చేరింది

1967లో అమెరికా సైన్యం ఎఫ్‌ఎంసీ అనే కంపెనీకి ఒక పని అప్పగించింది. అప్పటికే వియత్నాంలో తిరుగుతున్న ఎం113 కవచ వాహనాన్ని, లోపలున్న సైనికులు కిందికి దిగకుండానే పోరాడగలిగేలా మార్చి చూపించమంది. రెండు నమూనా బండ్లు తయారయ్యాయి. వాటికి ఎక్స్‌ఎం765 అని పేరు పెట్టారు. పరీక్షలన్నీ అయ్యాక సైన్యం పెదవి విరిచింది. పెళ్లిచూపుల్లో వద్దనిపించుకున్న ఆ సంబంధాన్ని కంపెనీ మాత్రం వదులుకోలేదు. మార్పులు చేసి, మెరుగులు దిద్ది దేశాల చుట్టూ తిప్పింది. చివరికి 1975లో నెదర్లాండ్స్ ఒప్పుకుని వందల సంఖ్యలో కొంది. అక్కడ దాని పేరు వైపీఆర్-765 అయింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక డచ్చివారికి వాటిలో చాలా బండ్లు అక్కర్లేకుండా పోయాయి. అలా మిగిలిన వాటిలో, 25 మిల్లీమీటర్ల ఫిరంగి ఉన్న పాతిక బండ్లు 1990లలో బహ్రెయిన్ సైన్యానికి చేరాయి.

మనవాళ్లకు బహ్రెయిన్ అంటే జగిత్యాల, సిరిసిల్ల, కోనసీమల నుంచి పనికి వెళ్లే గల్ఫ్ దేశాల్లో ఒకటి. మొత్తం దేశం 800 చదరపు కిలోమీటర్లకు లోపే. పాత జీహెచ్‌ఎంసీ కంటే కాస్త పెద్దది. అంత చిన్న దేశంలో వందకు పైగా ట్యాంకులు, అనేక దేశాల కవచ వాహనాలు ఉన్నాయి. వీటిలో చాలావరకు బహ్రెయిన్‌ను దృష్టిలో పెట్టుకుని గీసినవి కావు. ఎవరి యుద్ధం కోసమో పుట్టినవి. అయినా వాటిని వచ్చిన వరసలో చూస్తే, ఆ రాజ్యం ఏ కాలంలో ఎవరి భుజం మీద చేయి వేసి నిలబడిందో తెలుస్తుంది.

సూయజ్‌కు తూర్పున ఉన్న సేనలను వెనక్కి పిలుస్తున్నామని 1968 జనవరిలో బ్రిటన్ ప్రకటించింది. ఆ ఏడాదే బహ్రెయిన్ సొంత సైన్యానికి పునాది పడింది. అప్పుడే ఇంగ్లండ్‌లోని మాన్స్ సైనిక పాఠశాలలో చదువు ముగించుకున్న యువరాజు, నేటి రాజు హమద్ బిన్ ఈసా అల్ ఖలీఫా దాన్ని కట్టే పని భుజాన వేసుకున్నారు. 1971 ఆగస్టు 15న బహ్రెయిన్ స్వతంత్రమైంది. తొలి బండ్లు సహజంగానే వెళ్లిపోతున్నవాళ్లవే: ఫెరెట్, సలాడిన్.

ఆరు చక్రాల సలాడిన్ కథ తమాషాగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగియగానే బ్రిటన్ దీని రూపకల్పన మొదలుపెట్టింది. ముందు చిన్న ఫిరంగి అనుకున్నారు, అది చాలదని తేలాక 76 మిల్లీమీటర్లకు మారారు. ఇంతలో మలయా అడవుల్లో కమ్యూనిస్టు గెరిల్లాల పోరు ముదిరింది. అక్కడ కావలసింది ఫిరంగి బండి కాదు, సైనికులను గుళ్ల దెబ్బ తగలకుండా చేరవేసే బండి. దాంతో అదే కుటుంబంలోని సారసెన్‌ను ముందుకు తోశారు. అన్న సలాడిన్ 1958 దాకా ఉత్పత్తికి రాకుండా ఆగిపోయాడు. ఆ చట్రం మీదే తర్వాత నీటిలోనూ నడిచే స్టాల్వార్ట్ లారీ, విమానాశ్రయాల్లో మంటలార్పే సాలమాండర్ కూడా వచ్చాయి. ఒక్క వంశం నుంచి ఫిరంగి బండి, ఫైరింజను రెండూ!

ఆ తర్వాత ఫ్రాన్స్ వంతు. పానార్డ్ కంపెనీ ఏఎంఎల్ బండి అల్జీరియా యుద్ధ అనుభవంలోంచి పుట్టింది. మొదట గెరిల్లాల మీదికి 60 మిల్లీమీటర్ల మోర్టార్ బిగించారు. తర్వాత అయిదున్నర టన్నుల ఆ బుల్లి బండి నెత్తినే 90 మిల్లీమీటర్ల ఫిరంగి పెట్టారు. దాని విడిభాగాల్లో నూటికి 95 పాళ్లు వాడుకుని సైనికులను మోసే ఎం3ని తయారుచేశారు. ఈ రెండూ బహ్రెయిన్‌కు వచ్చాయి. చిన్న సైన్యానికి ఇలాంటి జంట ఎంత మేలో మెకానిక్‌ని అడిగితే చెబుతాడు. ఒకే గోదాములోని సామానుతో రెండు రకాల బండ్లూ బాగుచేయొచ్చు. మన సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం కర్మాగారం నడిపించిందీ ఇదే లెక్క. అక్కడ తయారయ్యే బీఎంపీ-2 ‘సారథ్’ మూలం నుంచే అంబులెన్స్, మోర్టార్ వాహనం, నాగ్ క్షిపణులు మోసే నమికా వచ్చాయి.

1980లలో గాలి అమెరికా వైపు తిరిగింది. పక్కనే ఇరాన్-ఇరాక్ యుద్ధం మండుతోంది. ఎం60ఏ3 ట్యాంకులు, ఎం113ఏ2లు దిగాయి. ఎం113 ఒక పోటీలో నెగ్గిన బండి. ఉక్కుతో టీ117, అల్యూమినియంతో టీ113 అని రెండు నమూనాలు పోటీపడితే, విమానంలో మోయగలిగేంత తేలికని అల్యూమినియానికే ఓటు పడింది. దాని రూపాంతరాలన్నీ కలిపితే 80 వేలు దాటాయి. ఎం60కి మాత్రం ఒక చేదు జ్ఞాపకం ఉంది. ఫిరంగి గొట్టంలోంచే క్షిపణి వదిలేలా చేసిన ఎం60ఏ2 అతి తెలివికి పోయి చతికిలపడింది, త్వరలోనే పక్కనపెట్టేశారు. పాత 105 మిల్లీమీటర్ల ఫిరంగికే లేజర్ దూరమాపకం, రాత్రి కూడా వేడిని పసిగట్టే దర్శిని చేర్చిన ఏ3 నిలబడింది. బహ్రెయిన్‌కు ఈ నిదానస్థుడే దొరకడం అదృష్టం.

1986 నవంబరులో 25 కిలోమీటర్ల కింగ్ ఫహద్ వారధి తెరుచుకున్నాక సౌదీ నుంచి బహ్రెయిన్‌కు రోడ్డు మీదే రావచ్చు. ప్రభుత్వంపై నిరసనల నడుమ 2011 మార్చి 14న ఆ వారధి మీదుగా సౌదీ బలగాలు రానే వచ్చాయి. అంతకు నెల ముందు, ఫిబ్రవరి 17 తెల్లవారుజామున పోలీసులు రాజధాని మనామాలోని పెర్ల్ కూడలిలో నిరసనకారులపై విరుచుకుపడ్డారు. తర్వాత బహ్రెయిన్ సైన్యం కవచ వాహనాలతో వీధుల్లోకి దిగి, 19న వెనక్కి వెళ్లింది. బయటి శత్రువు కోసం కొన్నవి ప్రపంచం కళ్లబడింది సొంత రాజధాని కూడలి దగ్గర. మార్చి 18న ఆ కూడలిలోని ముత్యం స్మారకాన్నే కూల్చేశారు.

ఆ సెప్టెంబరులోనే అమెరికా ప్రభుత్వం 44 కవచపు హంవీలు, టో క్షిపణులు కలిపి 5.3 కోట్ల డాలర్ల అమ్మకాన్ని తమ కాంగ్రెస్ ముందు పెట్టింది. ఆ బండి మీద విమర్శకులకు కొత్త సందేహమేమీ లేదు. అది ఏ వీధిలో తిరుగుతుందన్నదే పేచీ. విమర్శలు రావడంతో అమ్మకం ఆగిపోయింది. 2015 జూన్ 29న, బహ్రెయిన్‌లో మానవ హక్కుల స్థితి ఇంకా సరిపోయేంతగా లేదంటూనే, అమెరికా ఆ నిలుపుదలను ఎత్తేసింది.