ఆకు పలచన, నేల ఎరుపు: అనంతపురం అడవులపై ఉపగ్రహాల లెక్క

అనంతపురం పీఠభూమి మీది అడవిని పైనుంచి చూస్తే ఆకు కంటే నేలే ఎక్కువ కనిపిస్తుంది. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే తుమ్మ, చండ్ర, రేగు దూరదూరంగా నిలబడతాయి. వేసవికి చాలా చెట్లు ఆకు రాలుస్తాయి. అక్కడ ఎంత ఆకుందో ఆకాశం నుంచి లెక్కగట్టే పనిలో అసలు పేచీ నేలతోనే.

ఈ లెక్కకు ఆధారం పత్ర విస్తీర్ణ సూచిక. చదరపు మీటరు నేలపైన ఉన్న ఆకుల ఒకవైపు వైశాల్యం మొత్తం ఎన్ని చదరపు మీటర్లో చెప్పే అంకె ఇది. ఇంగ్లండులో డి.జె. వాట్సన్ 1947లో పంటల కోసం దీన్ని వాడుకలోకి తెచ్చాడు. దట్టమైన వర్షారణ్యంలో ఇది 5, 6 దాకా వెళ్తుంది. ఎండాకాలపు తుప్పల అడవిలో సున్నా వైపు జారుతుంది. పచ్చని ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుని, కంటికి కనిపించని పరారుణ కాంతిని వెనక్కి పంపుతుంది. ఈ రెండింటి నిష్పత్తితో ఆకును అంచనా వేయవచ్చని 1969లో కార్ల్ జోర్డాన్ అడవి కింద పడే వెలుతురును కొలిచి చూపాడు.

1972 జులైలో ల్యాండ్‌శాట్-1 ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లింది. 1974లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ, 1972-75, 1980-82 నాటి చిత్రాలతో దేశపు అడవుల పటాలు తయారు చేసింది. తర్వాత అటవీ సర్వే సంస్థ 1987 నుంచి నివేదికలు ఇస్తోంది. వాటిలో ఉన్నది ఆకు లెక్క కాదు, కొమ్మల నీడ ఎంత నేలను కప్పిందన్నది. ఆ కప్పు పది శాతం కన్నా తగ్గితే అది అడవి కాదు, పొద భూమి. అనంతపురానికి ఈ గీత కాస్త కఠినమైనదే.

1988 మార్చిలో మన ఐఆర్ఎస్-1ఏ ఉపగ్రహం ఎగిరింది. అదే ఏడాది అమెరికాలో ఆల్ఫ్రెడో హ్యుయెట్ నేల ప్రభావాన్ని తగ్గించే కొత్త సూచికను ప్రతిపాదించాడు. ఎందుకంటే ఉన్న ఆకు అంతే అయినా, తడిసి నల్లబడ్డ నేల మీద పాత నిష్పత్తి ఎక్కువగా, ఎండి మెరిసే నేల మీద తక్కువగా తేలుతుంది. దట్టమైన అడవుల్లో శాస్త్రవేత్తల తలనొప్పి వేరు: పత్ర విస్తీర్ణ సూచిక 3 దాటాక ఎంత ఆకు పెరిగినా ఉపగ్రహానికి పెద్దగా తేడా తెలియదు. పలచని అడవికి ఆ బాధ లేదు, నేల బాధే ఉంది.

1999 డిసెంబరులో ఎగిరిన టెర్రా ఉపగ్రహంలోని మోడిస్ పరికరం ప్రపంచమంతటికీ ఎనిమిది రోజులకొకసారి ఆకు లెక్క ఇవ్వసాగింది. ఆ గణన పద్ధతిని బోస్టన్ విశ్వవిద్యాలయంలో రంగ మైనేని బృందం రూపొందించింది. తొలి పటంలో ఒక్కో గడి కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను దాదాపు 19,000 చదరపు మీటర్ల మేర పరుచుకుని 1989లో గిన్నిస్ బుక్కుకెక్కింది. అంతటి మానూ ఆ గడిలో రెండు శాతం నిండదు. మిగతాది రాయి, వేరుశనగ చేను, గడ్డి కావచ్చు. పైగా ఏ గడి అడవి, ఏది పంట అని ముందుగా వేసిన పటం తప్పితే ఆకు అంకె కూడా తప్పుతుంది. మైనేని బృందం 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం భారతదేశంలో పెరిగిన పచ్చదనంలో 82 శాతం పంటలదే. చెట్లూ చేలూ కలిసిపోయిన సీమలో పచ్చదనం పెరిగిందంటే అడవి పెరిగిందని చదువుకోవడం తొందరపాటే.

చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో గ్రామస్థులు, టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ 1990ల నుంచి కాపాడుతున్న కల్పవల్లి కొండల్లో చెట్ల మధ్య బోద గడ్డి దట్టం. వానాకాలం చివర్లో ఆ గడ్డీ ఆకుగానే లెక్కకొస్తుంది. గడ్డి ఎండి, చెట్టుకు ఇంకా ఆకున్న కొద్ది వారాల చిత్రాలే చెట్టు వాటాను విడదీయడానికి పనికొస్తాయి. అంతకుముందు, ఆకు నిండుగా ఉన్న నెలల్లో మబ్బు అడ్డం. 2015 నుంచి పది మీటర్ల గడితో, 2017 నుంచి ఐదు రోజులకొకసారి వచ్చే సెంటినెల్-2 చిత్రాలతో మబ్బు లేని రోజు దొరికే అవకాశం పెరిగింది. ఆ అంకెలను సరిచూడటానికి మాత్రం ఇప్పటికీ చెట్టు కింద నిలబడి కొమ్మల సందున దిగే వెలుతురును కొలవాల్సిందే.