మంచు కురియునా, మానునా? హిమపాత సూచనల చరిత్ర

తెలుగులో మంచు అనే మాట చాలా బరువు మోస్తున్నది. పుష్యమాసంలో తెల్లవారుజామున పొలాలను కమ్మేదీ మంచే. గడ్డిపరక కొసన నిలిచే బొట్టూ మంచే. హిమాలయ శిఖరాల మీద పేరుకొనేదీ మంచే. మొదటి రెండూ నేలకు సమీపాన పుట్టేవి. మూడవది మేఘంలో స్ఫటికాలుగా ఏర్పడి ఆకాశం నుండి రాలేది. ఈ వ్యాసంలో మంచు అంటే ఆ మూడవదే. మన జిల్లాలలో అది కురియదు కనుక, రేపు కురుస్తుందా లేదా అన్న బెంగ మనకు లేదు. అమెరికా తూర్పు తీరంలో మాత్రం ఆ బెంగకు రెండున్నర శతాబ్దాల చరిత్ర ఉన్నది.

1772 జనవరి 27, 28 తేదీలలో వర్జీనియా ప్రాంతంలో దాదాపు మూడడుగుల మంచు కురిసింది. ఆ సంగతి మనకు తెలియడానికి కారణం ఇద్దరు వాతావరణ ప్రియులు. ఇద్దరూ తమ దినచర్య పుస్తకాలలో దానిని రాసిపెట్టారు. ఒకరు జార్జి వాషింగ్టన్, మరొకరు థామస్ జెఫర్సన్. ఆ మంచు తుపానుకు నేటికీ వారిద్దరి పేర్లే నిలిచి ఉన్నవి. స్వాతంత్ర్య ప్రకటన ఆమోదం పొందిన 1776 జూలై 4న కూడా జెఫర్సన్ ఉష్ణమాపకం చూడడం మానలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు 76 డిగ్రీల ఫారెన్‌హీట్ అని రాసుకొన్నాడు. వాషింగ్టన్ అయితే 1799 డిసెంబరులో చనిపోవడానికి ముందటి రోజు సైతం, కురిసిన మంచు ఎన్ని అంగుళాలో గుర్తు పెట్టుకొన్నాడు.

అయితే వీరు జరిగినదానిని రాయగలిగారే కాని, జరుగబోయేదానిని చెప్పలేకపోయారు. తుపాను గుర్రపు టపా కంటె వేగంగా నడుస్తుంది. పడమటి ఊళ్ళో మంచు పడిందన్న వార్త వచ్చేలోగా మంచే వచ్చిపడేది. తంతి వచ్చిన తరువాతనే వార్త తుపానును దాటగలిగింది. స్మిత్సోనియన్ సంస్థ కార్యదర్శి జోసెఫ్ హెన్రీ 1849 నుండి స్వచ్ఛంద పరిశీలకులను కూడగట్టాడు. రైతులు, వైద్యులు, ఉపాధ్యాయులు వందల సంఖ్యలో జీతం లేకుండా లెక్కలు పంపారు. 1870లో ప్రభుత్వం ఈ పనిని సైన్యంలోని సంకేత విభాగానికి అప్పగించింది. 1871లో క్లీవ్‌లాండ్ ఆబీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు అందులో చేరి రోజువారీ సూచనలు రాయసాగాడు.

వాటికి పెట్టిన పేరు గమనింపదగినది: 'సంభావ్యతలు'. జనం ముద్దుగా ఆబీని 'ఓల్డ్ ప్రాబబిలిటీస్', అనగా 'ముసలి సంభావ్యత' అన్నారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పది రెండేళ్ళే! 1876లో ఆ పేరు 'సూచికలు'గా మారింది. 1889లో 'ముందస్తు సూచనలు' అయింది. పేరులోని సందేహం క్రమంగా ఎగిరిపోయింది. విజ్ఞానం మాత్రం ఆ వేగంతో పెరగలేదు.

1888 మార్చి 11, ఆదివారం, న్యూయార్కులో వాన పడుతున్నది. సోమవారానికి ఆకాశం తేటపడుతుందని అధికారుల సూచన. అర్ధరాత్రి దాటాక వాన మంచుగా మారింది. నగరంలో 21 అంగుళాలు కురిసింది. గాలికి ఇళ్ళ ఎత్తున పోగులు పడ్డవి. వంతెనల మీది రైళ్ళు నిలిచిపోయినవి, తంతి స్తంభాలు కూలినవి. ఈశాన్య రాష్ట్రాలలో నాలుగు వందలకు పైగా ప్రజలు మరణించారు.

రెండవ గర్వభంగం దేశాధ్యక్షుని ఎదుటనే జరిగింది. 1909 మార్చి 4న విలియం హోవార్డ్ టాఫ్ట్ వాషింగ్టన్‌లో ప్రమాణస్వీకారం చేయవలసి ఉన్నది. ఆ దినం నిర్మలంగా ఉంటుందని వాతావరణ కార్యాలయం చెప్పింది. ఆ కార్యాలయానికి అధిపతి విల్లిస్ మూర్. ముందు రాత్రి వాన మంచుగా మారి, మరునాటి మధ్యాహ్నం దాకా 9.8 అంగుళాలు కురిసింది. చెట్లు, స్తంభాలు విరిగిపడ్డవి. ఉత్సవానికి వస్తున్న రైళ్ళు దారిలో నిలిచిపోయినవి. ఊరేగింపు దారి నుండి 58,000 టన్నుల మంచును, బురదను ఎత్తిపోయడానికి 6,000 మంది మనుషులు, 500 బండ్లు కావలసి వచ్చినవి. ఆరుబయట జరుగవలసిన ప్రమాణం సెనేటు మందిరంలో జరిగింది.

ఆనాటి మధ్యాహ్నం ఉష్ణోగ్రత 33 డిగ్రీల ఫారెన్‌హీట్. నీరు గడ్డకట్టేది 32 వద్ద. చిక్కంతా ఈ ఒక్క డిగ్రీలోనే ఉన్నది. మంచురేకు మేఘం నుండి దిగేటప్పుడు దారిలో కొన్ని వందల అడుగుల మందాన వెచ్చని పొర తగిలితే కరిగి వాన అవుతుంది. ఆ పొర కింద మళ్ళీ చల్లని గాలి ఉంటే గట్టి గుళికలవుతుంది. పైగా కరిగే మంచు చుట్టూ ఉన్న గాలి నుండి వేడిని లాగుకొంటుంది. జోరుగా కురిసినప్పుడు ఆ గాలి చల్లబడి, వాన తిరిగి మంచుగా మారుతుంది. అందుచేత ఎంత చలి అని తెలిస్తే చాలదు, ఎంత జోరుగా కురుస్తుందో కూడా తెలియాలి. అమెరికా తూర్పు తీరంలో అపలాచియన్ కొండలు పడమట గోడవలె నిలిచి చల్లని గాలిని పట్టి ఉంచుతవి. తూర్పున అట్లాంటిక్ సముద్రం వెచ్చని గాలిని పంపుతుంది. రెండింటి హద్దు తరచుగా వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్కు నగరాల మీదుగానే పోతుంది. ఆ హద్దు ఇరవై మైళ్ళు ఇటు జరిగితే వాన, అటు జరిగితే అడుగు మంచు. ఒక అంగుళం వాననీటికి పది అంగుళాల మంచు అని పాఠ్యపుస్తకాల లెక్క. తడిమంచు అయితే అయిదే కావచ్చు, పొడిమంచు అయితే ఇరవై కావచ్చు.

ఇటువంటి పనిలో సందేహాన్ని దాచడం కంటె కొలిచి చెప్పడమే మేలని కొందరికి తోచింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో డబ్ల్యు. ఇ. కుక్ 1906లోనే, ప్రతి సూచన పక్కన తన నమ్మకం ఎంతో తెలిపే అంకె వేశాడు. ఈ పద్ధతి అమెరికాలో దేశవ్యాప్తంగా రావడానికి 1960ల నడుమ దాకా పట్టింది. అప్పటినుండి వాన లేక మంచు పడే అవకాశం ఇంత శాతం అని ప్రజలకు చెప్పసాగారు. ఆబీ పాత మాట ఈసారి అంకెతో సహా తిరిగి వచ్చిందనవచ్చు. 1992 నుండి కంప్యూటర్లతో ఒకే లెక్కను కొద్దికొద్ది తేడాలతో అనేక పర్యాయాలు చేసి, ఫలితాలు ఎంత విడిపోతున్నవో చూడడం నిత్యకృత్యమైంది.

అయినా 2015 జనవరి 26న న్యూయార్కు నగరానికి రెండడుగుల మంచు ఖాయమన్నారు. మంచు కారణంగా భూగర్భ రైళ్ళను ఆపడం ఆ రాత్రే మొదటిసారి. తుపాను కొంచెం తూర్పుకు ఒరిగింది. అక్కడికి సుమారు యాభై మైళ్ళ దూరంలోని ఐస్లిప్‌లో రెండడుగులు నిజంగానే పడింది. నగర మధ్యంలోని సెంట్రల్ పార్కులో పడినది 9.8 అంగుళాలు. టాఫ్ట్ నాటి అంకె సరిగ్గా అదే! నాడు లేదన్న మంచు, నేడు ఎక్కువన్న మంచు, రెండూ ఒకే కొలతకు వచ్చినవి. నిజానికి లెక్కలన్నీ ఒకే మాట చెప్పలేదు. కొన్ని నగరానికి తక్కువే సూచించినవి. ఆ భేదం ప్రజలకు చేరిన అంకెలో కనబడలేదు. తరువాత పలు కార్యాలయాలు నడిమి అంచనాతో పాటు, పదింట ఒక వంతు అవకాశం గల అతి తక్కువ, అతి ఎక్కువ కొలతలను కూడా పటాలలో చూపసాగినవి.

కురిసిన తరువాత కూడా వివాదం తీరదు. తెల్లరంగు వేసిన పలక మీద పడిన మంచును కొలబద్దతో కొలుస్తారు. తాజా మంచు తన బరువుకు తానే అణగిపోతుంది కనుక, గంటగంటకూ పలక తుడిచి కూడినవాడికి ఎక్కువ అంగుళాలు వస్తవి, రోజుకొకసారి కొలిచినవాడికి తక్కువ వస్తవి. ఆరు గంటలకు ఒకసారి కంటె ఎక్కువగా తుడువరాదని అమెరికా వాతావరణ సేవా సంస్థ నియమం.