వెంట నడిచే మనిషి

పెద్దపేగు కేన్సరు చెప్పి రాదు. చాలావరకు చిన్న బుడిపెగా మొలిచి, ఏళ్ళ తరబడి చడీచప్పుడూ లేకుండా పెరుగుతుంది. ఆ దశలో కొలనోస్కోపీలో కనబడితే అక్కడికక్కడే తీసివేయవచ్చు. ఇంత తెలిసీ, 2012లో నాకు యాభై నిండినప్పుడు న్యూయార్క్‌లో డాక్టరుగారు రాసిచ్చిన చీటీని పది నెలలు సొరుగులో దాచాను. సిగ్గు కొంత, భయం కొంత. ఒకనాడు ఆసుపత్రి నుంచి ఒకావిడ ఫోను చేశారు. డాక్టరూ కాదు, నర్సూ కాదు, తాను 'నావిగేటర్'నన్నారు. ఆ మాట వెనుక ఉన్న చరిత్రను తరువాత వెతికి చదివాను.

అది ఆ నగరంలోనే, హార్లెంలో మొదలయింది. అదీ రొమ్ము కేన్సరుతో. హెరాల్డ్ ఫ్రీమన్ అనే నల్లజాతి శస్త్రవైద్యుడు 1967లో హార్లెం ఆసుపత్రిలో చేరారు. తన దగ్గరకు వచ్చే స్త్రీలలో దాదాపు సగం మంది రోగం ముదిరాకే రావడం ఆయనను కలచివేసింది. 1964-86 మధ్య అక్కడ చికిత్స పొందినవారిలో ఐదేళ్ళు బతికినది 39 శాతమే. 1979లో ఉచిత పరీక్షలు మొదలుపెట్టారు. అయినా, అనుమానం తేలిన తరువాత తదుపరి మెట్టు ఎక్కేలోపే ఎందరో జారిపోయేవారు. బీమా ఉండదు, పిల్లలను చూసేవారుండరు, ఆసుపత్రి అంటే నమ్మకముండదు. 1990లో ఫ్రీమన్, ఆ పేట సంగతులెరిగిన మనుషులను రోగుల వెంట నడిపించారు. 1995-2000 నాటి రోగులలో ఆ 39 కాస్తా 70 శాతమయింది. (ఇందులో ఉచిత పరీక్షల పాలూ ఉంది. ఘనతంతా నావిగేటర్లదే అనడం న్యాయం కాదు.)

2003లో నగర ఆరోగ్యశాఖ, యాభై దాటినవారి చేత కొలనోస్కోపీ చేయించాలని పూనుకున్నప్పుడు, ప్రభుత్వాసుపత్రులలో ఈ పద్ధతినే ప్రవేశపెట్టింది. అప్పటికి ఆ పరీక్ష చేయించుకున్నవారు సుమారు 42 శాతం. 2007 నాటికి అరవై దాటారు.

నాకు ఫోను చేసినావిడ రోగం గురించి ఉపన్యాసమివ్వలేదు. ముందురోజు ఏం తింటారని అడిగారు. పెరుగన్నం అన్నాను. అదీ కుదరదు, మజ్జిగా వద్దు, తేట ద్రవాలే అన్నారు. మందు చల్లబరిచి తాగమన్నారు. మత్తిస్తారు కనుక ఇంటికి తీసుకువెళ్ళేదెవరని అడిగారు. అక్కడ ఆగిపోయాను. నా భార్య అప్పుడు ఇండియాలో ఉంది; స్నేహితులను అడగడానికి మొహమాటం. చీటీ సొరుగులో ఉండిపోవడానికి అసలు కారణం అదేనని ఆమెతో చెప్పేదాకా నాకే తెలియదు. "ఎవరినైనా అడిగి చూడండి, గురువారం మళ్ళీ చేస్తాను," అన్నారు. చేశారు.

రెండు బుడిపెలు తీశారు. ఇంటికి తీసుకువచ్చిన మిత్రుడు, కారు ఆపి, తనకు యాభై మూడు నిండాయనీ, తన చీటీ కూడా ఇంట్లోనే ఉందనీ చెప్పాడు. ఆవిడ నంబరు అతనికిచ్చాను.