ఎవరి ఇంట్లో చదువు? టీవీ పాఠాల చరిత్రలో పల్లె పిల్లలు

2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పిల్లలకు ఒక మాట చెప్పింది. ఇంట్లో కూర్చోండి, దూరదర్శన్ సప్తగిరి ఛానల్ పెట్టుకోండి, పాఠాలు వినండి అని. ఏప్రిల్‌లో పదో తరగతి వాళ్ళకు 'విద్యామృతం' పేరుతోనూ, జూన్‌లో కింది తరగతులకు 'విద్యావారధి' పేరుతోనూ పాఠాలు ప్రసారమయ్యాయి. అంత జబ్బు కాలంలో ప్రభుత్వం ఇంకేం చేయగలదు అని చాలామంది అన్నారు. కావచ్చు. నా ప్రశ్న వేరు. ఆ మాటలో 'ఇల్లు' అనే పదం ఉంది. అది ఎవరి ఇల్లు? టీవీ చదువులోకి ఆ పదం ఎప్పుడు వచ్చి చేరింది? చరిత్రలోకి పోయి చూస్తే తప్ప ఇది తేలదు.

ఇంటి బయట దొరికిన చదువు

సింగరాయకొండ మద్రాసు లైను మీది స్టేషను. తూర్పుకు పోతే పాకల సముద్రం, పడమటికి పోతే కందుకూరు. చుట్టూ పొగాకు చేలు, సముద్రం దిక్కున రొయ్యల చెరువులు. ఒంగోలు దాటి గుంటూరు వైపు పోతే మిరప, పత్తి. ఈ నేల మీద మాల మాదిగలకు భూమి తక్కువ, కూలి ఎక్కువ. మిరప కోతలకు ఇంటికి తాళమేసి కుటుంబాలే కదిలిపోతాయి. పిల్లకాయలు కూడా వెంట పోతారు. ఇట్లాంటి బతుకులో ఇల్లంటే వండుకునే చోటు, రాత్రి నడుం వాల్చే చోటు. పుస్తకం తెరిచి రెండు గంటలు కదలకుండా కూర్చునే చోటు కాదు.

అందుకే మన చదువుల చరిత్ర ఇంటి బయట మొదలైంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో అత్యధికులు మాదిగలు. ఒంగోలు మిషన్ నడిపిన బడులు, బోర్డింగులు మన జిల్లాలో అంటరాని పిల్లలకు అక్షరం దొరికిన తొలి చోట్లు. మతం సంగతి పక్కన పెట్టి చూస్తే అక్కడ ఒక భౌతికమైన ఏర్పాటు జరిగింది. పిల్లవాడికి తిండి, దీపం, కూర్చునే స్థలం, అడిగితే చెప్పే అయ్యవారు ఒకే చోట దొరికారు.

అంబేద్కర్ ఈ సంగతిని ముందే గుర్తించారు. 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టి, 1925లో షోలాపూర్‌లో మొదట తెరిచినది హాస్టలు. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ పెట్టినప్పుడు పగలు ఉద్యోగం చేసుకునేవాళ్ళ కోసం పొద్దున్నే క్లాసులు నడిపించారు. చదివేవాడి స్థలం, చదివేవాడి సమయం మార్చకుండా 'చదువుకో' అని బోధిస్తే లాభం లేదని ఆయనకు అనుభవంలో తెలుసు.

స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు, 1980ల్లో వచ్చిన గురుకుల పాఠశాలలు ఆ దారిలోవే. అక్కడి పురుగుల అన్నం, కారే కప్పులు అందరికీ తెలిసినవే. అయినా యూనివర్సిటీ దాకా వచ్చిన మన మొదటి తరాన్ని ఎవరినైనా అడగండి. 'ఇంట్లో చదివాను' అనరు. 'హాస్టల్లో చదివాను' అంటారు. ఈ వ్యాసం రాస్తున్న నేనూ అట్లా వచ్చినవాడినే.

బడిలో ఉన్న టీవీ

టీవీ పాఠం కూడా మొదట్లో ఇంటిది కాదు. 1961లో ఢిల్లీలో మొదలైన టీవీ పాఠాలు బడుల కోసం వేసినవి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో 'సైట్' ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్ళు తీసుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్, హైదరాబాద్ జిల్లాల ఊళ్ళు అందులో ఉన్నాయి. గుంటూరు, ప్రకాశం లేవు. పొద్దున గంటన్నర బడి పిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. పొద్దుటి గంటన్నరను నాలుగు భాషలు పంచుకున్నాయి. తెలుగుకు దక్కింది ఇరవై రెండున్నర నిమిషాలు.

అది ఎమర్జెన్సీ కాలం. పైనుంచి చెప్పడమే తప్ప కిందినుంచి వినడం లేని కాలం. ఆ కార్యక్రమాల్లో ఏం చెప్పారు, ఎవరి తరఫున చెప్పారు అన్నది విడిగా రాయాల్సిన చరిత్ర. ఇక్కడ మనకు కావలసింది ఒక్క అంశం. ఆ టీవీ పెట్టెను బడిలోనో పంచాయతీ భవనంలోనో పెట్టారు. అది ఎవరి ఇంట్లోనూ లేదు.

బడి, పంచాయతీ కులం లేని చోట్లని ఎవరూ అనరు. పంచాయతీ ఆఫీసు ఊళ్ళో ఉంటుంది, పల్లె ఊరి బయట ఉంటుంది. ముందు ఎవరు కూర్చోవాలి, వెనక ఎవరు నిలబడాలి అనేది చెప్పకుండానే అందరికీ తెలుసు. అయినా ఒక తేడా ఉంది. ప్రభుత్వం సొమ్ముతో పెట్టిన పెట్టె దగ్గరికి పోవడానికి మనకు హక్కుంది. తలుపు మూస్తే నిలదీయవచ్చు, అర్జీ పెట్టవచ్చు. ఒకరి సొంత ఇంట్లో ఉన్న పెట్టె దగ్గరికి పోవాలంటే వాళ్ళ దయ కావాలి.

ఇన్సాట్ పథకం కింద 1982లో ప్రాథమిక బడి పిల్లలకు టీవీ పాఠాలు మొదలైన తొలి రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, ఒరిస్సా. అవి కూడా బడిలో చూడాల్సినవే. కరెంటు లేని బడులు, చెడిపోతే బాగు చేసేవాడు లేని సెట్లు, హెడ్మాస్టరు గదిలో బీరువా పక్కన దుమ్ము పట్టిన పెట్టెలు అందరూ చూసినవే. బడిలో టీవీ చదువును బాగు చేయకుండానే టీవీ ఇంట్లోకి పోయింది.

పెట్టె ఇంట్లోకి పోయిన కాలం

1982 ఆగస్టు 15న దూరదర్శన్ జాతీయ కార్యక్రమం, అదే ఏడాది ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చాయి. తర్వాత ప్రసార కేంద్రాలు పెరిగాయి. పల్లెటూళ్ళలో మొదట టీవీ కొన్నవాళ్ళు పొగాకు, పత్తి, మిరప మీద డబ్బు చూసిన ఆధిపత్య కులాల రైతులు. 1987లో రామాయణం, 1988లో మహాభారతం మొదలయ్యాక ఆదివారం పొద్దున ఆ ఇళ్ళ వసారాలు నిండేవి. పల్లె పిల్లలు గుమ్మం దాటరు. కిటికీ దగ్గరో, అరుగు కిందో నిలబడి చూసేవాళ్ళు. ఆ ఇంటి చేలో అమ్మానాన్నల కూలి ఉంటుంది, అప్పు ఉంటుంది. కిటికీ మూస్తే ఇంటికి రావడమే.

ఆ కాలం ఎట్లాంటిదో గుర్తు చేసుకోవాలి. 1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. గొడవ మొదలైంది తాగే నీళ్ళ చెరువు దగ్గర. మంచినీళ్ళను మురికి చేయొద్దన్నందుకు అంత హింస జరిగిన సమాజంలో, 'మీ ఇంట్లో కూర్చుని పాఠం చూస్తాం' అని ఏ పల్లె బిడ్డ అడగగలడు?

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1984 ఆగస్టు 15న, యూజీసీ వాళ్ళ 'కంట్రీవైడ్ క్లాస్‌రూమ్' దూరదర్శన్‌లో మొదలైంది. చిన్న పట్టణాల్లో, పల్లెల్లో ఉన్న కాలేజీ విద్యార్థికి మంచి పాఠం అందాలన్నది ఆశయం. హైదరాబాదులో సీఫెల్, ఉస్మానియా విశ్వవిద్యాలయాల కేంద్రాలు కూడా కార్యక్రమాలు తయారుచేశాయి. చాలా కార్యక్రమాలు నాణ్యమైనవే. కానీ మొదలైంది ఇంగ్లీషులో, ప్రసారం పగటిపూట. పగటిపూట ఖాళీగా, ఇంగ్లీషు వచ్చి, టీవీ ఉన్న ఇంట్లో కూర్చునే విద్యార్థి ఎవరు? ప్రజాధనంతో వేసిన పాఠం ముందుగా అతనికే చేరింది. ఎవరూ కుట్ర చేయనక్కర్లేదు. 'ఇల్లు' అనే మాటను విప్పి చూడకపోతే చాలు, కులం తన పని తాను చేసుకుపోతుంది.

ఒక మంచి ఉదాహరణ

టీవీ పాఠం దండగ అని ఇక్కడ ఎవరైనా అనుకోవచ్చు. అది నా అభిప్రాయం కాదు. 1982 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో అదే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. 1991లో దానికి డాక్టర్ అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటర్ చదవకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే అవకాశం అది ఇచ్చింది. కూలికి పోయేవాళ్ళు, అటెండర్లు, పెళ్ళయి చదువాగిన ఆడవాళ్ళు అందులో చదివారు.

అక్కడ రేడియో, టీవీ పాఠాలు ఉన్నాయి. అయితే చదువంతా వాటి మీద వేలాడలేదు. చేతిలో తెలుగులో అచ్చయిన పుస్తకం ఉంది. సెలవు రోజున పోవడానికి దగ్గర పట్టణంలో స్టడీ సెంటరు ఉంది. అర్థం కానిది అడగడానికి అక్కడ ఒక మనిషి ఉన్నాడు. పుస్తకం, చోటు, మనిషి ఉన్నాక టీవీ నాలుగోది. అప్పుడది పనికొచ్చింది.

మెక్సికోలో 1968 నుంచి నడుస్తున్న 'తెలెసెకుందారియా' బడులదీ ఇదే పాఠం. హైస్కూలు లేని పల్లెటూళ్ళ పిల్లలకు టీవీ ద్వారా పాఠం చెప్పారు. కానీ పిల్లలు ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చోలేదు. ఊళ్ళో ఒక గదిలో చేరి, ఒక టీచరు దగ్గర కూర్చుని చూశారు.

2020: మూసిన హాస్టలు, తెరిచిన ఛానల్

ఇప్పుడు మళ్ళీ సప్తగిరి దగ్గరికి వద్దాం. 2020 మార్చిలో బడులతోపాటు హాస్టళ్ళూ మూసేశారు. అంటే మన పిల్లలకు ఉన్న ఒకే ఒక చదువుకునే ఇల్లు మూతపడింది. పిల్లలు పల్లెకు వచ్చారు. అక్కడ చూడమన్నారు పాఠం.

'ఇప్పుడు పల్లెలో కూడా టీవీలున్నాయి కదా' అంటారు. ఉన్నాయి. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో 47.2 శాతం ఇళ్ళలో టీవీ ఉంది, ఆ తర్వాత ఇంకా పెరిగింది. కానీ ఒక్క గది ఇంట్లో ఒక్క టీవీ, మూడు తరగతుల ముగ్గురు పిల్లలు. డిష్ రీఛార్జి అయిపోతే కూలి డబ్బులు వచ్చేదాకా ఆగాలి. ఆడపిల్ల ఇంట్లో ఉందంటే నీళ్ళు, వంట, తమ్ముడి పని అన్నీ ఆమెవే. పాఠం వచ్చే వేళకు ఆమె చేతిలో బిందె ఉంటుంది. మగపిల్లవాడు పనికి వచ్చే వయసైతే రొయ్యల చెరువు దగ్గరో, చేలోనో ఉంటాడు. పాఠం మళ్ళీ చెప్పమని టీవీని అడగలేం.

కేరళలో ఏం జరిగిందో మరిచిపోకూడదు. అక్కడ 2020 జూన్ 1న విక్టర్స్ ఛానల్‌లో 'ఫస్ట్ బెల్' పాఠాలు మొదలయ్యాయి. ఆ రోజే మలప్పురం జిల్లాలో తొమ్మిదో తరగతి చదివే ఒక దళిత అమ్మాయి ప్రాణం తీసుకుంది. తండ్రి రోజు కూలీ. ఇంట్లో టీవీ ఉంది గానీ చెడిపోయింది, బాగు చేయించడానికి డబ్బు లేదు, స్మార్ట్‌ఫోన్ లేదు. లెక్కల్లో అది 'టీవీ ఉన్న ఇల్లు'. ఆ తర్వాత కేరళలో అంగన్‌వాడీల్లో, గ్రంథాలయాల్లో టీవీలు పెట్టి పిల్లలను కూర్చోబెట్టే పని వేగం పుంజుకుంది. అంటే పెట్టె తిరిగి నలుగురి చోటికి వచ్చింది. ఆ మాట ముందే తోచి ఉంటే!

2021 ఆగస్టులో 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో సుమారు 1,400 మంది పేద పిల్లల మీద జ్యాఁ ద్రెజ్, రీతికా ఖేరా తదితరులు సర్వే చేశారు. గ్రామాల్లో క్రమంగా ఆన్‌లైన్‌లో చదువుతున్నవాళ్ళు 8 శాతమే. ఎస్సీ, ఎస్టీ పిల్లల్లో అది 4 శాతం, మిగతా పిల్లల్లో 15 శాతం. పేదల్లో కూడా కులం ఇంత తేడా చూపింది.

ఇంత జరిగాక కూడా ప్రభుత్వాల ఆలోచన మారలేదు. 2022 ఫిబ్రవరి బడ్జెట్‌లో పీఎం ఈ-విద్య కింద ఉన్న 12 ఛానళ్ళను 200 చేస్తామని కేంద్రం ప్రకటించింది. ఛానళ్ళు పెంచడం ఆకాశంలో పని. గదులు పెంచడం నేల మీద పని. రెండో దానికి బడ్జెట్లో మాట లేదు.

మనం అడగాల్సింది

కాబట్టి 'ప్రతి ఇంటికీ టీవీ, ప్రతి బిడ్డకూ ట్యాబు' అనే డిమాండు దగ్గర మన విద్యార్థి సంఘాలు ఆగిపోకూడదు. వస్తువు ఇంట్లోకి వస్తుంది, చదువు రాకపోవచ్చు. ప్రతి పల్లెలో సాయంత్రం దీపం వెలిగే ఒక గది కావాలి. అంబేద్కర్ భవనం ఉంటే అదే, లేకపోతే బడే. అందులో తెర ఉండాలి, తెలుగు పుస్తకాలు ఉండాలి, అడిగితే చెప్పే మనిషికి జీతం ఉండాలి. కూలి నుంచి వచ్చాక చూసే వేళకు పాఠం ఉండాలి. ఆడపిల్లలు భయం లేకుండా వచ్చి పోయే ఏర్పాటు ఉండాలి. మళ్ళీ ఏ ఉపద్రవం వచ్చినా హాస్టళ్ళు మూసేముందు ఆ పిల్లలు ఎక్కడ చదువుతారో ప్రభుత్వం చెప్పాలి.

దీనికి ముందు ఒక చిన్న పని మనమే చేయవచ్చు. టీచర్లు, విద్యార్థులు తమ తమ పల్లెల్లో ఒక వారం రాత్రి ఏడు గంటలకు ఇంటింటికీ తిరిగి రాసుకోండి. ఎన్ని ఇళ్ళలో టీవీ ఉంది అనేది ప్రభుత్వం లెక్క. ఎంతమంది పిల్లలకు కూర్చుని చదివే జాగా ఉంది, ఆ వేళకు వాళ్ళు ఏ పనిలో ఉన్నారు అనేది మన లెక్క. ఆ లెక్క పట్టుకుని కలెక్టరాఫీసుకు పోదాం.