జిమ్మీ పేరు మీద వచ్చిన చందాలు

1938 జనవరిలో అమెరికా అధ్యక్ష భవనానికి ఉత్తరాలు బస్తాల కొద్దీ వచ్చిపడ్డాయి. కవర్లలో డైములు, అంటే పది సెంట్ల నాణేలు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు పోలియో వల్ల కాళ్లు చచ్చుబడ్డాయి. ఆ రోగం మీద పోరాడటానికి ఆయన పెట్టిన సంస్థకు తలా ఒక డైము పంపమని ఎడ్డీ కాంటర్ అనే హాస్యనటుడు రేడియోలో అడిగాడు. వచ్చిన చిల్లరంతా లెక్కపెడితే 26 లక్షల 80 వేల నాణేలు తేలాయి. 2,68,000 డాలర్లు. ఆర్థిక మాంద్యం ఇంకా పూర్తిగా తీరని రోజులవి. 1955లో వచ్చిన సాక్ పోలియో టీకా వెనక ఉన్నది ఆ సంస్థ పోగుచేసిన సొమ్మే.

అమెరికాలో దానధర్మాలంటే మనవాళ్లకు రాక్‌ఫెల్లర్, కార్నెగీ, బిల్ గేట్స్ గుర్తొస్తారు. ఇక్కడ స్థిరపడి, ఈ దేశం సంగతులు చదువుతూ వచ్చాక నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. ఈ దేశంలో చిన్నపిల్లల క్యాన్సర్ వైద్యం నిలబడింది సినిమా హాళ్లలో తిప్పిన డబ్బాల మీద, కొట్లలో గల్లాపెట్టె పక్కన పెట్టిన హుండీల మీద. ఆ చరిత్ర మనకు ఇవాళ అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 4 లక్షల మంది పిల్లలకు, పందొమ్మిదేళ్ల లోపు వాళ్లకు, క్యాన్సర్ వస్తోంది. సంపన్న దేశాల్లో వాళ్లలో నూటికి 80 మందికి పైగా బతుకుతున్నారు. చాలా పేద, మధ్యాదాయ దేశాల్లో 30 మంది కూడా మిగలడం లేదు. రోగం అదే, మందులు చాలావరకు అవే.

ఆ మందుల కథలో మన భీమవరం ఉంది. అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆయన చదువు కోసం 1922లో బోస్టన్ చేరాడు. ప్రయాణానికి మామగారు కూడగట్టిన డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ ఇచ్చిన మాట ఆధారం. చేరిన కొత్తలో పొట్ట గడవడానికి రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగాడు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరి, ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపించాడు. దానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్ కూడా అక్కడే తయారైంది. ఒక చందా నిధి మాట ఇవ్వకపోతే ఆయన ఓడెక్కేవాడో లేదో అని నేను చాలాసార్లు అనుకుంటాను. కాకినాడ వాళ్లు ఈ సంగతి గర్వంగా చెప్పుకోవాలి.

ఆ మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు వాడాడు. ఆయన పాథాలజిస్టు. చనిపోయిన పిల్లల శరీరాలను పరీక్షించడం ఆయన వృత్తి. అప్పట్లో బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లవాడు వారాల్లో, మహా అయితే నెలల్లో పోయేవాడు. చేయగలిగింది లేదని పెద్ద డాక్టర్లే చేతులెత్తేసేవారు. ఫార్బర్ 1947 చివర్లో అమినోప్టెరిన్ మొదలుపెట్టాడు. 1948 జూన్‌లో ఫలితాలు అచ్చయ్యాయి. పదహారు మంది పిల్లల్లో పది మందికి రోగం తగ్గుముఖం పట్టింది. అది కొన్నాళ్లే, మళ్లీ తిరగబెట్టింది. అయినా బ్లడ్ క్యాన్సర్‌ను మందుతో వెనక్కి నెట్టవచ్చని లోకానికి మొదటిసారి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. వయసు 53.

మందు ఉంది, డబ్బు లేదు. ఇక్కడ సినిమా వాళ్లు వచ్చారు. న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలోని వెరైటీ క్లబ్ అనే సినిమా, నాటక రంగాల వాళ్ల సంఘం 1947లో ఫార్బర్ పని కోసం ఒక నిధి పెట్టింది. మరుసటి ఏడాది మే 22న రాల్ఫ్ ఎడ్వర్డ్స్ నడిపే రేడియో కార్యక్రమం బోస్టన్ ఆసుపత్రిలో ఒక పన్నెండేళ్ల పిల్లవాడి మంచం దగ్గర నుంచి ప్రసారమైంది. రైతు కొడుకు, పేగుల్లో క్యాన్సర్. బోస్టన్ బ్రేవ్స్ బేస్‌బాల్ ఆటగాళ్లు ఒక్కొక్కరే వాడి గదిలోకి వస్తుంటే వాడి ఆనందం దేశమంతా వింది. ఆ పిల్లవాడిని జిమ్మీ అని పిలుస్తూ, వాడికి ఆట చూసుకోవడానికి ఒక టీవీ కొనిపెడదామని ఎడ్వర్డ్స్ శ్రోతలను అడిగాడు. 20 వేల డాలర్లు వస్తే చాలనుకున్నారు. ఆ ఏడాది వచ్చింది 2 లక్షలకు పైనే. ఆ నిధికి జిమ్మీ ఫండ్ అన్న పేరు అలా స్థిరపడింది.

నన్ను ఎక్కువగా కదిలించేది ఆ తర్వాతి సంగతి. జిమ్మీ అన్నది వాడి పేరు కాదు. ఆ కుటుంబం గుట్టు బయటపడకూడదని ఆసుపత్రి వాళ్లు పెట్టిన పేరు. టీవీ వాడికిచ్చారు. మిగతా డబ్బు వాడి ఒక్కడిదీ కాలేదు. ఆ నిధితో 1952లో ఒక భవనం లేచింది. పిల్లలకు మందు, తల్లిదండ్రులకు సలహా, ఇంటి ఇబ్బందులు కనుక్కునే మనిషి, అన్నీ ఒకే కప్పు కింద ఉండాలని, డబ్బు కట్టగలరా లేదా అని చూడకూడదని ఫార్బర్ పట్టుబట్టాడు. జిమ్మీ చనిపోయి ఉంటాడనే చాలామంది అనుకున్నారు. సరిగ్గా యాభై ఏళ్లకు, 1998లో, ఐనార్ గుస్తాఫ్సన్ అనే లారీ డ్రైవర్ లోకం ముందుకొచ్చాడు. ఆ జిమ్మీ ఆయనే.

ఇప్పుడు మన ఫోన్లకొచ్చే అభ్యర్థనలు చూడండి. ముక్కులో గొట్టంతో పసిపాప ఫొటో, తండ్రి పేరు, ఊరి పేరు, ఇంకా ఇన్ని లక్షలు కావాలన్న అంకె. ఆ తండ్రిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ అంకె చూసి నేనూ పంపుతాను, మీరూ పంపండి. కానీ ఈ దారిలో డబ్బు దొరికేది ఫొటో బాగా పడిన బిడ్డకు, అమెరికాలో బంధువున్న బిడ్డకు. పక్క మంచం మీద చెంచు గూడెం నుంచి వచ్చిన పిల్ల ఉంటే ఆమెకు ఎవరు పంపుతారు? అమెరికా కూడా ఈ విషయంలో గొప్పలు చెప్పుకోలేదు. ఆసుపత్రి బిల్లు కోసం ఆన్‌లైన్‌లో చెయ్యి చాచే కుటుంబాలు ఇక్కడా కోకొల్లలు. నేను చెబుతున్నది ఈ దేశం చేసిన ఒక మంచి పని గురించి మాత్రమే: ఒక బిడ్డ కథ చెప్పి అడిగారు, వచ్చిన సొమ్ము వార్డు మొత్తానికి పెట్టారు.

నేనుండే మెంఫిస్‌లో ఆ పని ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. డానీ థామస్ లెబనాన్ నుంచి వలస వచ్చిన పేద దంపతుల కొడుకు. నటుడిగా అవకాశాల్లేని రోజుల్లో సెయింట్ జూడ్‌కు మొక్కుకున్నాడు, దారి చూపిస్తే గుడి కట్టిస్తానని. పేరు, డబ్బు వచ్చాక ఆ గుడి పిల్లల ఆసుపత్రి అయింది. 1957లో ఆయన తనలాంటి అరబ్ కుటుంబాల వాళ్లను కూడగట్టాడు. మనకు చోటిచ్చిన దేశానికి కృతజ్ఞతగా ఈ ఆసుపత్రిని మోద్దామన్నాడు. అలా ఏర్పడిన అల్సాక్ అనే సంస్థ ఇవాళ్టికీ చందాలు పోగుచేస్తోంది. 1962 ఫిబ్రవరి 4న సెయింట్ జూడ్ ఆసుపత్రి తలుపులు తెరిచారు. నల్లవాళ్లకు వేరే కుళాయి, వేరే బెంచీ ఉన్న దక్షిణాది అది. మార్టిన్ లూథర్ కింగ్‌ను ఆరేళ్ల తర్వాత చంపింది ఈ ఊళ్లోనే. అలాంటి చోట నల్ల, తెల్ల పిల్లలను ఒకే వార్డులో పడుకోబెట్టారు. భవనం గీసిన ఆర్కిటెక్టు పాల్ విలియమ్స్ నల్లజాతీయుడు. ఏ కుటుంబానికీ బిల్లు ఇవ్వరు. అప్పట్లో తీవ్రమైన లింఫాయిడ్ లుకేమియా వచ్చిన పిల్లల్లో నూటికి నలుగురు బతికేవారు. మొదటి డైరెక్టర్ డోనాల్డ్ పింకెల్ మందులన్నీ కలిపి, మెదడుకు కూడా వైద్యం చేసి, 1970 నాటికి సగం మందిని బతికించే దారి కనిపెట్టాడు. ఇప్పుడు ఆ సంఖ్య 90 దాటింది.

డబ్బు దేనికి ఖర్చుపెట్టాలన్న ప్రశ్నకు బ్రెజిల్‌లోని రెసీఫె నగరం మంచి జవాబిచ్చింది. అక్కడి పేదల ఆసుపత్రి ఒకటి మెంఫిస్ వాళ్లతో చేయి కలిపింది. 1980ల్లో అక్కడ ఇదే లుకేమియా వచ్చిన పిల్లల్లో నూటికి 32 మందే రోగం తిరగబెట్టకుండా ఐదేళ్లు దాటేవారు. నూటికి 16 మంది వైద్యం మధ్యలో మానేసేవారు. 1997 తర్వాత చేరిన పిల్లల్లో 63 మంది దాటారు. మధ్యలో మానేసిన వాళ్లు ఒక శాతంలో సగం. మందులిచ్చే పద్ధతి మారింది, నిజమే. దాంతోపాటు ఊరి నుంచి వచ్చిన తల్లికి పడుకోవడానికి చోటు, బస్సు ఛార్జీ, భోజనం ఇచ్చారు. రాని బిడ్డ కోసం ఆరా తీసే మనిషిని పెట్టారు. శిక్షణ పొందిన నర్సులను నిలబెట్టుకున్నారు. లుకేమియా వైద్యం రెండు మూడేళ్లు సాగుతుంది. ఇంటి దగ్గర ఇంకో ఇద్దరు పిల్లలున్న కూలీ తల్లి అన్నాళ్లు పనికి వెళ్లకుండా ఎలా తిరుగుతుంది? తెల్ల రక్తకణాలు పడిపోయి జ్వరం వస్తే గంటల్లో ఆసుపత్రి చేరాలి, ఊరికి బస్సు తెల్లారాక గానీ రాదు. ఇలాంటి చోట్ల ప్రాణాలు పోతున్నాయి. వీటికి చందా ఇవ్వమంటే ఎవరికీ ఉత్సాహం రాదు, యంత్రం కొంటామంటే వస్తుంది. శిలాఫలకం మీద బస్సు ఛార్జీ అని రాయించుకునే దాత నాకింకా తారసపడలేదు.

మందుల కొరత కూడా చిన్నది కాదు. లెబనాన్‌లో 2019 తర్వాత కరెన్సీ కూలిపోయినప్పుడు క్యాన్సర్ మందులు దొరకక జనం అల్లాడారు. క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 2030 నాటికి నూటికి కనీసం 60 మందిని కాపాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. నాణ్యమైన మందులను పేద దేశాలకు ఉచితంగా పంపడానికి 2021లో సెయింట్ జూడ్ ఆరేళ్లకు 20 కోట్ల డాలర్లు ప్రకటించింది. మొదటి మందులు మంగోలియా, ఉజ్బెకిస్తాన్‌లకు చేరినట్టు 2025 ఫిబ్రవరిలో వార్త వచ్చింది. ఆ సొమ్ము కూడా ఎక్కువగా ఈ దేశపు మామూలు మనుషులు నెలనెలా ఇచ్చే చిన్న మొత్తాల నుంచి వచ్చిందే.

మన రాష్ట్రాల్లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ చాలా కుటుంబాలకు వైద్యం ఖర్చు తగ్గించింది. ఊరు విడిచి నెలల తరబడి ఉండే బాధ మాత్రం తల్లిదండ్రులదే. 2006లో ముంబయిలో మొదలైన సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ హైదరాబాద్‌లోనూ ఇలాంటి కుటుంబాలకు ఉచితంగా వసతి ఇస్తోంది. పేరు ఒకటే అయినా ఇది మెంఫిస్ ఆసుపత్రికి శాఖ కాదు, మనవాళ్లు పెట్టుకున్న వేరే సంస్థ.

ఇక్కడి తెలుగు సంఘాల్లో మనవాళ్ల చేతికి ఎముక లేదు. బడులు కట్టారు, కంటి శిబిరాలు పెట్టారు, తుఫాను వస్తే రాత్రికి రాత్రి డబ్బు పంపారు. అరబ్ కుటుంబాలు చేసినట్టు ఏళ్ల తరబడి నెలనెలా ఒకే పనికి ఇచ్చే అలవాటు మనకింకా రావాలి. సంక్రాంతి సంబరాలకు వసూలయ్యే చందాలో కొంత భాగాన్ని ఇలా నెలవారీగా ఏర్పాటు చేద్దామని మా ఊరివాళ్లను అడుగుతున్నాను. హైదరాబాద్, విశాఖ, తిరుపతి, గుంటూరు ఆసుపత్రుల్లో పిల్లల క్యాన్సర్ వార్డుల్లో పనిచేసే నర్సులు, సామాజిక కార్యకర్తలు ఇది చదివితే ఒక సాయం చేయండి. మీ వార్డులో మధ్యలో మానేసి వెళ్లిపోతున్న పిల్లలు ఏ ఊళ్ల నుంచి వస్తున్నారో, ఏ ఖర్చు దగ్గర ఆగిపోతున్నారో రాయండి. పేర్లు వద్దు, ఊరు, దూరం, ఖర్చు రాస్తే చాలు.