బెలూన్ల దారిలో భద్రాద్రి అడవులు: ఎక్స్-కిరణ ఖగోళ పరిశోధన చరిత్రలో ఒక పార్శ్వం

టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన హైదరాబాదు బెలూన్ కేంద్రం ప్రయోగాల కాలంలో వెలువరించే ప్రకటనల్లో ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల పేర్లు కనిపిస్తాయి. విశాఖపట్నం–హైదరాబాదు–షోలాపూర్ రేఖ వెంబడి 200 నుంచి 350 కిలోమీటర్ల దూరంలో పరికరాలు పారాచూట్లతో దిగవచ్చుననీ, వాటిని తాకక సమీప పోలీసు స్టేషనుకు తెలపాలనీ వాటి సారాంశం. సమాచారమిచ్చినవారికి పారితోషికం ఉంటుంది. విప్పి చూసినవారికి ఉండదు. పటంపై ఆ రేఖ భద్రాచలానికి అతి సమీపంగా పోతుంది. పరిశోధన పత్రాలకున్న గౌరవం ఈ ప్రకటనలకు దక్కలేదు గాని, ఏ రేడియో సంకేతం ఎంత సమాచారం పంపినా డిటెక్టర్ చెక్కుచెదరక తిరిగి వస్తేనే మరో ప్రయోగం సాధ్యం. ఆ తిరుగు ప్రయాణం పశువుల కాపరి చేతిలోనో, పోడు రైతు చేతిలోనో ఉండేది.

1969లో హైదరాబాదులో స్థిరకేంద్రం ఏర్పడటానికి భౌగోళిక కారణముంది. భూ అయస్కాంత మధ్యరేఖకు చేరువ కనుక ఇక్కడ విశ్వకిరణాల అలజడి తక్కువ. బలహీనమైన ఎక్స్-కిరణాలను గుర్తించడం సులువు. అయితే 40 కిలోమీటర్ల ఎత్తున కూడా మిగిలిన పలుచని గాలి సుమారు 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు దిగువ కిరణాలను చాలావరకు మింగేస్తుంది. స్కార్పియస్ ఎక్స్-1, సిగ్నస్ ఎక్స్-1 వంటి పాలపుంత మూలాలకు ఇది పెద్ద ఆటంకం కాలేదు. క్రియాశీల గెలాక్సీల విషయం వేరు. వాటి కేంద్రాల్లోని మహా కృష్ణబిలాల చుట్టూ వేడెక్కిన ఎలక్ట్రాన్ల మేఘం నుంచి వెలువడే కిరణాలు కోట్లాది కాంతి సంవత్సరాలు దాటి అత్యంత బలహీనంగా చేరతాయి. శక్తి పెరిగేకొద్దీ వాటి సంఖ్య మరింత తగ్గుతుంది. కొద్ది గంటల బెలూన్ ప్రయాణం వాటికి చాలదు. పైగా ఈ గెలాక్సీల అసలు రహస్యం వాటి ప్రకాశపు హెచ్చుతగ్గుల్లో ఉంది: గంటల్లో మారే కాంతి చిన్న ప్రాంతం నుంచే రాగలదు.

ప్రపంచంలో 1970 డిసెంబరులో కెన్యా తీరం నుంచి ఎగిరిన ఉహురు ఉపగ్రహం ఈ మూలాల పట్టికకు తెర తీసింది. తెలుగు నేలపైనే ఉన్న శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న ఆస్ట్రోశాట్ ఎగిరింది. అందులోని 3 నుంచి 80 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల పరిధి గల జినాన్ డిటెక్టర్లను టాటా సంస్థే రూపొందించింది. వాటి వెనుక హైదరాబాదు బెలూన్ల అనుభవం ఉంది. అటుపై మర్కారియన్ 421 వంటి క్రియాశీల గెలాక్సీని అతినీల కాంతిలోనూ ఎక్స్-కిరణాల్లోనూ ఏకకాలంలో గమనించగలిగారు. ఆ డిటెక్టర్లు మాత్రం ఏ అడవిలోనూ దిగవు.