ఆపిల్ పై: వలస వచ్చిన వంట కథ



ఈ పూట మన ప్రసంగం ఒక పిండివంట గురించి. దాని పేరు ఆపిల్ పై. ఇక్కడ పై అంటే కింద, పైన అనే పై కాదు. రెండు పిండి పొరల మధ్య పండుముక్కల పూర్ణం పెట్టి, నాలుగు వైపులా సెగ తగిలేలా కాల్చిన తీపి వంటకాన్ని ఇంగ్లీషు వాళ్లు పై అంటారు. అందులో ఆపిల్ పండు పెడితే ఆపిల్ పై. అమెరికా వాళ్లకు ఇది ఇంటివంట. ఏదైనా అచ్చంగా తమ దేశానిదే అని చెప్పాలంటే వాళ్లు దాన్ని ఆపిల్ పైతో పోలుస్తారు.

రాజపాళయంలో ఉన్న మనకు ఆ వంట గొడవ ఎందుకు అని మీరు అడగవచ్చు. అడగవలసిందే. ఈ వంట చరిత్ర విప్పి చూస్తే అందులో మన సంగతి కూడా కొంత కనిపిస్తుంది. అందుకే ఈ కథ ఎత్తుకున్నాను.

ముందు ఆపిల్ సంగతి చూద్దాం. ఆపిల్ పుట్టిల్లు అమెరికా కాదు, ఇంగ్లండూ కాదు. మధ్య ఆసియాలో తియాన్‌షాన్ అనే పర్వతాలున్నాయి. నేటి కజకిస్తాన్ దేశంలో ఆ కొండల వాలుల్లో అడవి ఆపిల్ చెట్లు ఇప్పటికీ ఉన్నాయి. 1929లో రష్యన్ వృక్షశాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ అక్కడికి వెళ్లి, ఆ అడవులు చూసి, మనం తినే ఆపిల్‌కు జన్మస్థానం ఇదేనని చెప్పాడు. తర్వాత జన్యుపరిశోధనలు ఆయన మాటను బలపరిచాయి. అక్కడి నుంచి వర్తకుల సంచుల్లో, గుర్రాల కడుపుల్లో గింజలు పడమటికి ప్రయాణం చేశాయి.

గోధుమ పుట్టింది పశ్చిమాసియాలో, సుమారు పదివేల ఏళ్ల క్రితం. పైలో వేసే దాల్చినచెక్క సింహళం నుంచి, మలబారు నుంచి పోయింది. ఇక చక్కెర మన దేశపు సరుకే. చెరకురసాన్ని కాచి పలుకుగా మార్చే విద్య మన దేశం నుంచే పడమటికి వెళ్లింది. సంస్కృతంలోని శర్కర అరబ్బుల నోట సుక్కర్ అయి, ఇంగ్లీషులో షుగర్ అయింది. మన ఖండ శబ్దమే వాళ్ల క్యాండీ. మనం కలకండ అంటున్నదీ ఆ కుటుంబం మాటే.

ఇన్ని దేశాల సరుకులు ఒక్క పళ్లెంలోకి చేరింది ఇంగ్లండులో. 14వ శతాబ్దం చివర అక్కడ రాసిపెట్టిన వంటల పుస్తకంలో ఆపిల్ పై కనిపిస్తుంది. అందులో ఆపిల్‌తో పాటు బేరిపండ్లు, అత్తిపండ్లు, ఎండుద్రాక్ష, సుగంధ ద్రవ్యాలు, కుంకుమపువ్వు ఉన్నాయి. చక్కెర మాత్రం లేదు. అప్పుడు చక్కెర బహు ఖరీదు. పైపిండిని వాళ్లు పెట్టె అనే మాటతో పిలిచేవారు. ఆ పెట్టె గట్టిగా ఉండేది, అసలు పని లోపలి పూర్ణాన్ని కాపాడటమే.

17వ శతాబ్దంలో ఇంగ్లండు జనం సముద్రం దాటి అమెరికాకు వలస పోయారు. అక్కడ పుల్లని చిన్న అడవికాయలే తప్ప ఈ ఆపిల్ లేదు. వలస వెళ్లినవాళ్లు గింజలు, అంట్లు పట్టుకుపోయి నాటుకున్నారు. 1796లో అమీలియా సిమన్స్ అనే ఆవిడ అమెరికన్ వంటల పేరుతో ఒక పుస్తకం అచ్చు వేయించింది. అమెరికా మనిషి రాయగా అమెరికాలో అచ్చయిన మొదటి వంటపుస్తకం అదేనంటారు. అందులో ఆపిల్ పై ఉంది. ఆ విధంగా కజకిస్తాన్ పండు, పశ్చిమాసియా గోధుమ, సింహళపు చెక్క, మన చక్కెర కలిసి అమెరికా వాళ్ల సొంత వంట అయ్యాయి.

ఇప్పుడు మన వైపు రండి.

అమెరికన్ మిషనరీలు 1834లో మదురై చేరారు. ఎండలకు, జ్వరాలకు, కలరాకు వాళ్ల కుటుంబాలు చాలా నష్టపోయాయి. చల్లని చోటు వెతుక్కుంటూ పళని కొండలెక్కి 1845లో కొడైకెనాల్‌లో మొదటి ఇళ్లు కట్టుకున్నారు. తర్వాత మదురై కలెక్టరుగా పనిచేసిన వియర్ లెవింజ్ దొర అక్కడ చెరువు కట్టించాడు, అది 1863లో. బేరి అంట్లు, ఇతర చల్లని సీమ మొక్కలు తెప్పించి నాటించిన ఘనత కూడా ఆయనదే. కొడై బేరిపండు మన బజారుకు వచ్చేది ఆ చలవవల్లనే. మిషనరీల పిల్లల కోసం 1901లో అక్కడ బడి కూడా పెట్టారు.

మన బజారులో దొరికే ఎర్రని ఆపిల్‌కు ఇంకో కథ ఉంది. శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్ యువకుడు 1904లో కుష్ఠురోగుల సేవకని మన దేశం వచ్చాడు. సిమ్లా కొండల్లో కోట్‌గఢ్ అనే ఊళ్లో స్థిరపడి, అక్కడి అమ్మాయినే పెళ్లాడి, 1916లో అమెరికా నుంచి తెప్పించిన ఆపిల్ మొక్కలు నాటాడు. 1921లో స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లాడు. 1932లో పేరు సత్యానంద్ అని మార్చుకున్నాడు. హిమాచల్ ఆపిల్ తోటల వెనుక ఉన్నది ఆ వలస మనిషి చెయ్యి.

శ్రోతలారా, ఇది వింటుంటే మీకు సొంత సంగతి గుర్తు రావడంలేదా? రాజుల పాళెం కనుక ఇది రాజపాళయం. విజయనగర కాలంలో, మదురై నాయకుల కాలంలో తెలుగు సీమ నుంచి దక్షిణానికి దిగివచ్చిన కుటుంబాల వాళ్లం మనం. అక్కడ నుంచి విత్తనాలతో, వంటపాత్రలతో, నోట్లో మాటతో వచ్చినవాళ్లు ఇక్కడ ఊళ్లు కట్టుకున్నారు. 1936లో ఇక్కడ నూలు మిల్లు లేచింది. ఇక్కడి తెలుగింట పుట్టిన పూసపాటి కుమారస్వామి రాజాగారు 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్ర ప్రభుత్వానికి నాయకత్వం వహించారు. ఈ ప్రాంతంలో బావుల కింద పండించిన కంబోడియా పత్తి కూడా పుట్టుకతో అమెరికా ఖండపు పత్తే. 20వ శతాబ్ది మొదటి దశకంలో ఇటు వచ్చింది. అది పరాయి పత్తి అని ఎవరైనా అన్నారా?

ఇంకో ఉదాహరణ చెబుతాను. మనకు పదిపన్నెండు కిలోమీటర్ల దూరంలో శ్రీవిల్లిపుత్తూరు ఉంది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాసింది ఆ ఊరి గోదాదేవి కథనే. అందులో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ కాలంలో ఏం వడ్డించాడో రాయలవారు వర్ణించారు. వానాకాలంలో అన్నం, పప్పు, కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు. వేసవిలో తియ్యని చారు, అంబలి, చెరకురసం, కొబ్బరినీళ్లు, ఊరగాయ, పలుచని మజ్జిగ. ఆ విందులో మిరపకాయ లేదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ల ఓడల్లో వచ్చిన మిరప అప్పటికి మన వంటింట్లో స్థిరపడలేదు. ఇవాళ కారం లేని ఆవకాయను ఊహించగలమా? మిరప మనదైంది. ఎందుకంటే తరతరాలుగా మన ఆడవాళ్లు దాన్ని ఎండబెట్టారు, దంచారు, కలిపారు. వాడుకున్న చెయ్యిని బట్టే వంట ఎవరిదో తేలుతుంది.

ఇక వంట విషయానికి వస్తాను. దగ్గర కాగితం, పెన్సిలు ఉంటే రాసుకోండి.

పిండికి: మైదా 300 గ్రాములు, చల్లని గట్టి వెన్న 200 గ్రాములు, అర చెంచా ఉప్పు, మంచులాంటి చల్లని నీళ్లు ఆరేడు పెద్ద చెంచాలు. ఇంట్లో చిలికిన వెన్న అయితే నీరంతా పోయేలా బాగా పిండి, చల్లని చోట గట్టిపడనిచ్చి వాడండి. పూర్ణానికి: పుల్లని ఆపిల్‌పండ్లు ఒక కిలో, చక్కెర 100 గ్రాములు, దాల్చినచెక్క పొడి ఒక చెంచా, ఒక నిమ్మకాయ రసం, రెండు పెద్ద చెంచాల మైదా. ఎర్ర ఆపిల్ తియ్యగా ఉంటుంది కనుక నిమ్మరసం మానకండి. కొడై బేరిపండ్లు దొరికే కాలమైతే అవి సగం, ఇవి సగం వేసుకోవచ్చు.

కజ్జికాయలు చేసే ఇల్లాలికి ఈ పనిలో సగం తెలిసినదే. కజ్జికాయల పిండిలో వేడి నెయ్యి పోసి కలిపి, గుప్పిట పట్టి చూస్తాం. ముద్ద నిలిస్తే గుల్లగా వస్తుందని గుర్తు. ఇక్కడ తేడా ఒక్కటే. నెయ్యి కరగకూడదు, చల్లగా ఉండాలి. వెన్నను చిన్న ముక్కలు చేసి, వేళ్ల కొసలతో పిండిలో రుద్దండి. శనగగింజలంత పలుకులు అక్కడక్కడా మిగలాలి. ఆ వెన్న పలుకులే సెగ తగలగానే కరిగి, వాటిలోని నీరు ఆవిరై, పిండిని పొరలు పొరలుగా విడదీస్తాయి. నీళ్లు కొద్దికొద్దిగా చల్లి, ముద్ద కట్టగానే ఆపండి. చపాతీపిండిలా మర్దిస్తే సాగుడు వచ్చి గట్టిపడుతుంది. మన ఎండల్లో ఈ పని తెల్లవారుజామున చేయడం మేలు. ముద్దను రెండు భాగాలు చేసి, ఒక గంట ఫ్రిజ్‌లో ఉంచండి.

పండ్లు చెక్కు తీసి, పలుచని ముక్కలు తరిగి, నిమ్మరసం, చక్కెర, చెక్కపొడి, మైదా కలపండి. ఒక పిండిముద్దను ఒత్తి, అంచున్న పళ్లెంలో పరిచి, పండ్లు నింపండి. రెండో ముద్ద ఒత్తి మీద కప్పి, అంచులు కజ్జికాయకు మడత వేసినట్టే మడవండి. ఆవిరి పోవడానికి పైన నాలుగు గాట్లు పెట్టండి. ఓవెన్‌ను ముందుగా కాచి, 220 డిగ్రీల వేడిలో 20 నిమిషాలు, తర్వాత 190 డిగ్రీలకు తగ్గించి మరో 40 నిమిషాలు కాల్చండి. గాట్లలోంచి రసం చిక్కగా బుడబుడ పొంగితే అయినట్టు. రెండు మూడు గంటలు ఆరనివ్వండి. వేడిమీద కోస్తే రసం కారిపోతుంది.

ఓవెన్ లేనివాళ్లు దిగులుపడవద్దు. ఇదే పిండిని చిన్న పూరీల్లా ఒత్తి, పూర్ణం కొంచెం పెట్టి, అర్ధచంద్రాకారంలో మడవండి. మందపాటి గిన్నెలో ఇసుక పోసి బాగా కాచి, లోపల ముక్కాలిపీట మీద పళ్లెం పెట్టి, మూత వేసి మధ్యస్థమైన సెగ మీద కాల్చవచ్చు. రంగు కొంచెం తక్కువ వస్తుంది, రుచికి లోటుండదు.

బజారులో డబ్బా కేకు, పొట్లం స్వీటు దొరుకుతుండగా ఇంత శ్రమ ఎందుకని పిల్లలు అంటారు. సరైన ప్రశ్నే. దీనికి జవాబు మన భాషలో ఉంది.

మన పిల్లలు బడిలో తమిళం చదువుతారు, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు మాట్లాడే ఇళ్లలో తెలుగు అక్షరం ఎరగని తరాలు గడిచిపోయాయి. అయినా భాష ఇన్ని వందల ఏళ్లు నిలిచింది. పుస్తకం లేకుండా ఎలా నిలిచింది? పనిలో నిలిచింది. చిటికెడు, పిడికెడు, దోసెడు అనే కొలతల్లో నిలిచింది. రుద్దు, ఒత్తు, మడువు, చిలుకు, వడకట్టు, చల్లారనివ్వు అనే మాటల్లో నిలిచింది. అమ్మమ్మ పక్కన కూర్చుని పిండి పిసికిన పిల్లకు ఈ మాటలు ఎవరూ పాఠం చెప్పలేదు. చెయ్యి నేర్చుకుంటుంటే చెవి కూడా నేర్చుకుంది. పొట్లం కత్తిరించి తినేటప్పుడు ఈ మాటల్లో ఒక్కదానితోనైనా పని ఉందా? పని పోతే మాట పోతుంది. ఇది మదురైలో ఉన్నవాళ్లకూ నిజం, హొసూరులో, చిత్తూరు అంచున ఉన్నవాళ్లకూ నిజం.

అమెరికాకు వలస పోయినవాళ్లు తమ పైని పెట్టెలో దాచుకోలేదు. ఇంగ్లండులో చేసినట్టే చెయ్యాలని పట్టుబట్టనూ లేదు. అక్కడి పండుతో, అక్కడి పొయ్యిమీద, ఇంటింటా చేశారు. అందుకే అది బతికింది. మన తెలుగుకూ అంతే. రాజమండ్రిలో మాట్లాడినట్టు లేదని సిగ్గుపడవలసిన పని లేదు. అందులో తమిళం మాట కలిసిందని బాధపడవలసిన పనీ లేదు. వాడకం ఆగిపోతేనే బాధపడాలి.

కాబట్టి ఈ సెలవుల్లో ఒక పూట కేటాయించండి. ఆపిల్ పై చెయ్యండి, లేదా బొబ్బట్లు చెయ్యండి, కజ్జికాయలు చెయ్యండి. ఏది చేసినా సరే, మొదటినుంచి ఇంట్లోనే చెయ్యండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల చేతికి పిండిముద్ద ఇచ్చి, ప్రతి పనీ తెలుగులో చెప్పి చేయించండి. మొదటిసారి అంచు పగిలినా, రసం కారినా ఫర్వాలేదు. పిండి రెండోసారికి మాట వింటుంది.